పేదరాసి పెద్దమ్మ ఎవరికి పెద్దమ్మ?

పేదరాసి పెద్దమ్మ పేరు వినని తెలుగువాడుండడు. రాజకుమారుడు దేశాటనము చేయుచు ఏ నగరమున అడుగిడినను, ఆ నగరపు పొలిమేరలో ఆమె పూరిల్లు ఉండియే తీరును. అతడు గుఱ్ఱము దిగి 'పెద్దమ్మా' అని పిలుచును. ఆమె కాళ్ళకు నీళ్ళిచ్చి, అన్నము వండిపెట్టి, ఆ రాజ్యమును పీడించు రాక్షసుడెవడో, కోటలోనికి దారి ఎటో చెప్పును. ఇంతవఱకు అందరికిని తెలిసినదే. కాని ఆమె ఎవరికి పెద్దమ్మ యని మనము సామాన్యముగా అడుగము. ఆమె రాజకుమారుని తల్లికి అక్క కాదు. అతని కులమేదియని ఆమె అడుగదు. ఆమె కులమేదియో కథకుడు చెప్పడు. ఒక్క పిలుపుతో ఇద్దరును చుట్టములగుదురు.

మాయమంత్రముల కథలనగానే అవి పాలబుగ్గల పిల్లలను నిద్రపుచ్చుటకే యను తలంపు మనలో గలదు. పదునాలుగేండ్లు నిండిన పిల్లవాని చేతిలో అట్టి పుస్తకము కనబడినచో 'ఇంకను ఈ కథలేనా, పాఠము చదువుకో' అందుము. అయినను ఆ వయసు మొదలు ఇరువది దాటినవారి వఱకు ప్రపంచమంతటను ఇట్టి నవలలనే విరివిగా చదువుచున్నారు. కారణమేమి? ఆ కథలలోని మాయ ఒక కారణమే కాని, అసలు కారణము పేదరాసి పెద్దమ్మ యని నా అభిప్రాయము. దానిని కొంత వివరించెదను.

ఈ జాతి నవలకు సామాన్యముగా మూడు గుర్తులు గలవు. మొదటిది మాయ: మంత్రములు, మాటలాడు మృగములు, పటములో లేని దేశములు. రెండవది పాత్రల వైవిధ్యము: వేఱువేఱు జాతులవారు, భాషలవారు, వన్నెలవారు ఒకే కథలో సమానముగా నడచుట. మూడవది, పుట్టిన ఇంట నిలువనీడ లేనివారు పరాయివారితో కలసి ఒక కుటుంబమగుట. ఈ మూడవదానిని పాశ్చాత్యులు ఇటీవల ఒక ప్రత్యేకలక్షణముగా పేర్కొనుచున్నారు. మనకిది క్రొత్త కాదు. 'వరుస కలుపుట' యని మన పల్లెలలో దీనికి పేరెన్నడో ఉన్నది. బావ, మామ, వదిన, చిన్నాయన యని కులము కాని కులమువారిని పిలుచుకొనుచు ఊరంతయు వరుసలు కలుపుకొనుట మన పెద్దలెఱిగినదే.

ఇంగ్లండు రచయిత్రి రోలింగు 1997లో ప్రకటించిన మొదటి హారీ పాటర్ నవలను ఈ దృష్టితో చూడుడు. తలిదండ్రులు లేని ఆ పిల్లవాడు స్వయముగా తన తల్లికి అక్కయగు పెద్దమ్మ యింట పెరుగును. ఆమె అతనికిచ్చిన చోటు మెట్లక్రింది గూడు. మాంత్రికవిద్యాలయమున చేరిన పిమ్మట, ఏ బంధుత్వమును లేని ఒక సహాధ్యాయి తల్లి పండుగనాటికి తన బిడ్డలతోపాటు అతనికిని ఉన్ని చొక్కా అల్లి పంపును. రక్తసంబంధముగల పెద్దమ్మ ఒకచోట, వరుస కలిసిన అమ్మ వేఱొకచోట. ఆ పుస్తకమును చదివిన పిల్లవాడు మంత్రదండమును మఱచిన మఱచును గాని, ఆ ఉన్ని చొక్కాను మఱవడు.

అంతకు చాలముందే, 1968లో, అమెరికా రచయిత్రి అర్సులా లెగ్విన్ 'ఎర్త్‌సీ మాంత్రికుడు' అను నవలను వ్రాసినది. ఆంగ్లకథలలో మాంత్రికుడనగా తెల్లని మేనివాడేయని అందరును అనుకొను కాలమది. ఆమె బుద్ధిపూర్వకముగనే తన నాయకుని రాగివన్నెవానిగను, అతని ప్రాణమిత్రుని నల్లనివానిగను చిత్రించినది. ఆ లోకమున ఎవని నిజనామము తెలిసినచో వానిపై మాయ చెల్లును. కావున నిజనామమును ఎవరును బయటపెట్టరు. నాయకుడు గర్వించి, చేయరాని మంత్రమొకటి చేసి, మొగమున గాయములతో తలవంచుకొని యున్నవేళ ఆ నల్లని మిత్రుడు వచ్చి తన నిజనామమును అడుగకయే చెప్పును. 'నా ప్రాణము నీ చేతిలో పెట్టితిని' అనుటకు అంతకంటె మంచి మార్గము లేదు. అన్నదమ్ముల వరుస అచ్చట కలిసినది.

ఇట్టి కథ నడచు తీరులో మూడు మెట్లున్నవి. మొదట నాయకుడు ఇల్లు విడువవలెను. ఇంటిలోనున్నంత వఱకు అతడు ఫలానావారి అబ్బాయియే. గడప దాటిన పిమ్మటనే అతడెవడో తేలును. రెండవ మెట్టు మాయ. మాయకు మంచికథలో ఒక వెల యుండును. ఊరకే వచ్చు మంత్రము కథను చెఱచును. అంతేకాదు, గుహద్వారము తెఱచు భూతము 'నీ తండ్రి యెవరు, నీకెంత భూమి గలదు' అని అడుగదు. 'ఇచ్చిన మాట నిలుపుకొందువా' అని అడుగును. పుట్టుకచేత వచ్చిన గుర్తులు అచ్చట చెల్లవు. ఈ సౌకర్యము కొఱకే రచయిత మాయను తెచ్చును. మూడవ మెట్టు చుట్టరికమునకు పరీక్ష. దారిలో చేరిన తోడు ఆపదలో నిలుచునా, నిధి దొరకినప్పుడు నిలుచునా? నిలిచినవాడు అన్న, నిలువనివాడు కేవలము బాటసారి.

మన కథలకు ఈ కొలత సరిపోవునేమో చూతము. బాలనాగమ్మ కథను బుఱ్ఱకథగా, నాటకముగా తెలుగుదేశమంతటను విన్నారు. 1942లో జెమినీవారు దానిని చలనచిత్రముగా తీసిరి. మాయల ఫకీరు బాలనాగమ్మను ఎత్తుకొనిపోగా, వెదుకబోయిన తండ్రి శిలయై పడియుండగా, బాలవర్ధి ఒంటరిగా బయలుదేరును. ఏడు సముద్రముల కావల చిలుకలో ఫకీరు ప్రాణమున్నదని మనకందరకును జ్ఞాపకము. కాని ఆ చిలుకను చేరుటకు ముందు ఆ బాలునకు తలదాచుకొను చోటిచ్చిన దెవరు? పూదండలు గ్రుచ్చి బ్రతుకు ఒక ముసలమ్మ. అతడు ఆమెకు మనుమడయ్యెను. కథలోని మొదటి మహిమ చిలుక కాదు, ఈ మనుమరికము.

మధిర సుబ్బన్న దీక్షితులుగారి 'కాశీమజిలీ కథలు' పండ్రెండు భాగముల మహాగ్రంథము. అందలి అద్భుతములకు లెక్కలేదు. కాని వానినన్నిటిని ఒక త్రాట గ్రుచ్చినది మణిసిద్ధుడను యతికిని, పశువులు కాచుకొను ఒక పిల్లవానికిని కుదిరిన ఒప్పందము. యతి ఒంటరిగా కాశికి పోరాదు. తోడు వచ్చువారు లేరు. చివరకు గోపబాలుడు ఒప్పుకొనెను. కాని దారిలో తాను చూచిన వింతలనుగూర్చి అడిగినదానికెల్ల కథ చెప్పవలయుననియు, చెప్పనిచో వెనుకకు మరలుదుననియు నియమము పెట్టెను. సర్వము త్యజించిన సన్న్యాసి యొకడు, అక్షరము రాని బాలకుడొకడు. లోకపు లెక్కలో వారిద్దరికి పొత్తు లేదు. మజిలీ వెంట మజిలీగా, కథ వెంట కథగా వారు ఒకరికొకరు కావలసినవారైరి.

వరుస కలిపిన వారందరును మంచివారేనా యను ప్రశ్న తల్లిదండ్రులకు కలుగుట సహజము. కలుగవలెను కూడ. మన కథలు ఈ సంగతిని మఱువలేదు. 1951లో విజయావారు నిర్మించిన 'పాతాళభైరవి'లో తోటరాముని చేరదీయువాడు నేపాళ మాంత్రికుడు. సాహసవంతుని ప్రోత్సహించు గురువువలె కనబడును. కోరిన సంపదను ఆశ చూపును. అతని అసలు తలంపు ఆ సాహసవంతుని దేవికి బలియిచ్చుట. ఇది దొంగవరుస. తోటరాముని ప్రక్కననే అంజియున్నాడు. అంజికి మంత్రము రాదు, బలము లేదు, భయము మాత్రము కావలసినంత యున్నది. అయినను విడిచిపోడు. మాంత్రికుడు ఇచ్చునది పెద్దది, అడుగునది ప్రాణము. అంజి ఇచ్చునది చిన్నది, అడుగున దేమియు లేదు. ఎవని వరుస నిజమో తెలిసికొను ఉపాయమిదే. పిల్లలకు దీనిని ఉపన్యాసముగా చెప్పినచో వినరు. కథగా చూచినచో మఱవరు.

ఆ విజయాసంస్థను నడపిన నాగిరెడ్డి, చక్రపాణిగారలే 1947 జూలైలో 'చందమామ'ను ప్రారంభించిరి. 1952లో ఆ పత్రికలో చేరిన దాసరి సుబ్రహ్మణ్యంగారు 1954లో 'తోకచుక్క'తో ఆరంభించి పండ్రెండు మాయాధారావాహికలు వ్రాసిరి. చిత్రా గీసిన బొమ్మలు వానికి ప్రాణమిచ్చినవి. నెలనెల వానికై వేచియున్న పాఠకులలో అనేకులకు రచయిత పేరే తెలియదు. 'శిథిలాలయము'లో శబరుల బిడ్డయగు శిఖిముఖియు, నాగరికుడగు విక్రమకేసరియు ఒకరి ప్రాణమునకు ఒకరు అడ్డుపడుచు నడతురు. అడవివాడు సేవకుడుగను, నగరమువాడు ప్రభువుగను కాక ఇద్దరును నాయకులే యగుట గమనింపదగినది. నేడు పరదేశపు నవలలలో క్రొత్తదనముగా మెచ్చుకొనబడుచున్న వైవిధ్యము మన పిల్లల పత్రికలో అంత ముందే, చప్పుడు లేకుండ, జరిగిపోయినది.

ఇది కథలలోనే కాని నిజముగా సాధ్యమా యందురేమో. పండ్రెండవ శతాబ్దిలోని పలనాటిని తలచుకొనుడు. బ్రహ్మనాయుడు మాలవాడైన కన్నమదాసును పెద్దకొడుకుగా స్వీకరించి సేనానిని చేసెనని పలనాటి వీరగాథ చెప్పుచున్నది. అన్ని కులములవారును ఒకే చాపపై కూర్చుండి భుజించు చాపకూడు ఆయన పేరిటనే నిలిచినది. బాలచంద్రునితో కారెంపూడి రణమునకు నడచిన పడుచువారిలో బ్రాహ్మణుడగు అనపోతు మొదలు వేఱువేఱు కులవృత్తులవారు అన్నదమ్ములుగా ఉండిరి. వారందరును నేటి లెక్కలో ఈ నవలల పాఠకుల వయసువారే. కంబరామాయణమున రాముడు పడవ నడపు గుహుని ఐదవ సోదరునిగా, సుగ్రీవుని ఆరవవానిగా, విభీషణుని ఏడవవానిగా లెక్కించుటయు ఇట్టిదియే. దశరథునకు నలుగురు కొడుకులు. అరణ్యము మఱి ముగ్గురను చేర్చినది.

రేడియో యుండిన ఇండ్లవారికి ఇంకొక దృష్టాంతము మఱింత దగ్గఱది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు బాలల కార్యక్రమములను నడపి 'రేడియో అన్నయ్య', 'రేడియో అక్కయ్య' యని పేరుపొందిరి. 1945లో 'బాల' పత్రికను స్థాపించినవారును వారే. కనబడని కంఠములకు ఇంటింట పిల్లలు వరుస కలిపిరి. వారి మొగమెఱుగని పల్లెటూరి బాలకునకును వారు అన్నయ్య, అక్కయ్యలే. పెట్టెలో నుండి మాట వచ్చుట ఆనాడు మాయవలె తోచినను, పిల్లలు అంతకాలము దాచుకొన్నది ఆ మాయను కాదు, ఆ అన్నయ్యను.

ఇక మన నగరమునకు వత్తము. హైదరాబాదులో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఒకదానితో ఒకటి కలిసియున్న పేటలు. జిల్లాల నుండి చదువుకై వచ్చిన పడుచువారికి ఈ ప్రాంతము చాలకాలముగా ఆశ్రయము. నారాయణగూడలో మాడపాటి హనుమంతరావుగారు పెంచిన తెలుగు బాలికల పాఠశాలయు, 1954లో వెలసిన రాజా బహదూర్ వెంకటరామరెడ్డి మహిళా కళాశాలయు ఎందరో ఆడపిల్లలకు చదువు నిచ్చినవి. నేడు అశోక్‌నగర్ వీథులలో పోటీపరీక్షల శిక్షణాలయములు, వసతిగృహములు, మెస్సులు, ప్రశ్నపత్రముల దుకాణములు నిండియున్నవి. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమున ఉదయమే చోటు పట్టుకొని, డబ్బాలో తెచ్చుకొన్న అన్నము తిని, చీకటిపడిన పిమ్మట లేచు యువకులను, యువతులను ఎవరైనను చూడవచ్చును. కథలో యౌవనవంతుడు ఇల్లు విడుచును. వీరును విడిచినారు. కథలో రాక్షసుని ప్రాణము ఏడు సముద్రముల కావల నుండును. వీరి ఉద్యోగమును దాదాపుగా అచ్చటనే యున్నది.

ఇది పరిహాసము కాదు. తెలంగాణ గ్రూపు-1 ప్రాథమిక పరీక్ష 2022 అక్టోబరు 16న జరిగి, ప్రశ్నపత్రముల లీకు కారణముగా 2023 మార్చిలో రద్దయ్యెను. 2023 జూన్ 11న మరల జరిగి, అదే సంవత్సరము సెప్టెంబరులో హైకోర్టు తీర్పుతో మరల రద్దయ్యెను. 2024 ఫిబ్రవరిలో క్రొత్త ప్రకటన వచ్చి, జూన్‌లో మూడవమారు జరిగెను. ఒకే మెట్టును మూడుమార్లు ఎక్కవలసి వచ్చిన వారి వయసును ఎవరును తిరిగి ఇవ్వలేదు. ఇట్టి నిరీక్షణలో మనిషిని నిలబెట్టున దేమి? ఊరిలోని తండ్రితో 'ఈసారి వచ్చును' అని చెప్పి చెప్పి మాట మూగవోయిన రాత్రి, ఆ గదిలో నున్నవారే దిక్కు.

అట్టి గదినొకదానిని ఊహింపుడు. నలుగురుందురు. ఒకడు ఆదిలాబాదు వైపు గోండు గూడెమువాడు, ఒకడు నల్లగొండ తండావాడు, ఒకడు పాతబస్తీలో ఉర్దూ మాటలాడు ఇంటివాడు, ఒకడు ఖమ్మము వైపు రైతు కొడుకు. పుట్టినచోట నున్నచో ఈ నలుగురును ఒకే పళ్ళెము ముందు కూర్చుండెడివారు కారు. ఇచ్చట ఒకరినొకరు 'అన్నా', 'తమ్మీ' అందురు. ఒకనికి జ్వరము వచ్చినచో మఱియొకడు గంజి కాచును. ఒకని అద్దె ముగ్గురు పంచుకొందురు. నెల బాకీ పడినను పళ్ళెము తీసివేయని మెస్సు అక్క వారికి పేదరాసి పెద్దమ్మ. ప్రక్క వీథిలోని ఆడపిల్లల గదిలోను ఇట్లే జరుగును. దీనిని వారెవరును గొప్పగా చెప్పుకొనరు. ఇదియొక కుటుంబమని వారికి తోచదు కూడ. తోచక, పరీక్ష తప్పిననాడు 'నాకెవరును లేరు' అని అనుకొనుటలో ప్రమాదమున్నది.

కథ చేయగల మేలు ఇచ్చట నున్నది. మాయానవల ఉద్యోగమియ్యలేదు, తేదీలను మార్చలేదు. కాని 'నీ ప్రక్కన నడచుచున్నవాడు నీవాడే' యని చూపగలదు. చుట్టరికమునకు ఒక పేరు దొరకినప్పుడే మనిషి దానిని అడుగగలడు, నిలుపుకొనగలడు. ఇది కన్నవారిని తక్కువచేయుట కాదు. బాలవర్ధి ముసలమ్మకు మనుమడయినది కన్నతల్లిని చేరుటకే కదా. దారిలో కలిసిన కుటుంబము పుట్టిన కుటుంబమునకు పోటీ కాదు. అచ్చటి నుండి ఇచ్చటికి వేసిన వంతెన.

మాయకథ మూఢవిశ్వాసమును పెంచునను ఆక్షేపణ యొకటి మిగిలినది. చిలుకలో ప్రాణముండునని నమ్మి చిలుకను వెదకిన పాఠకుని నేనెఱుగను. కథలోని మాయను పిల్లలు కథలోనే విడిచి వత్తురు. పుస్తకము మూసిన పిమ్మటను ఉండిపోవునది నడవడి.

అయితే మన పుస్తకపు బీరువాలో ఒక అర ఖాళీగా నున్నది. పండ్రెండేండ్ల లోపువారికి బొమ్మల కథలు గలవు. పెద్దలకు నవలలు గలవు. నడుమ వయసువారికి తెలుగులో దొరకునది స్వల్పము. వారికై నెలనెల వచ్చిన 'చందమామ'యు 2013 నాటికి ఆగిపోయెను. ఆ వయసు పిల్లలు ఆంగ్లమున చదువగలిగినచో పరాయి మాంత్రికుని వద్దకు పోవుచున్నారు. చదువలేనివారు ఏమియు లేక యున్నారు. గ్రంథాలయమునకు పోయినను ప్రశ్నపత్రముల పుస్తకములే చేతికందుచున్నవి.

ఈ లోటు ఒకనాటితో తీరదు. ఇంటివారు చేయదగినది మాత్రము చిన్నది. రాత్రి భోజనముల పిమ్మట ఒక పాత ధారావాహికలోని ప్రకరణమునో, ఒక మజిలీ కథనో ఎవరైనను పైకి చదివినచో, పదునాఱేండ్ల అబ్బాయియు ఆ గదిలో నుండి లేచిపోడు. గ్రంథాలయమున కథల అర పరీక్షల అరకు ప్రక్కననే యున్నచో, విసిగిన చేయి ఒకనాడైనను అటు పోవును. ఇక వ్రాయువారికి కథాస్థలము సిద్ధముగా నున్నది: అశోక్‌నగర్‌లో నాలుగు మంచముల గది, నాలుగు మాటతీరులు, క్రింద మెస్సు నడపు అక్క.

మన పాతకథలలో ఒక చిన్న అన్యాయము గలదు. రాజకుమారుడు రాక్షసుని గెలిచి, రాకుమార్తెను పెండ్లాడి, తన రాజ్యమునకు మరలిపోవును. పేదరాసి పెద్దమ్మ ఏమయ్యెనో కథకుడు సాధారణముగా చెప్పడు. ఆమె పూరింటికి అతడు మరల వచ్చెనా, ఆమె జబ్బుపడిననాడు గంజి కాచెనా, తన బిడ్డలకు 'ఈమె మీ నాయనమ్మ' అని చూపెనా? క్రొత్తగా నవల వ్రాయువారు ఆ ప్రశ్నతో ఆరంభింపవచ్చును.